కౌలాలంపూర్‌లో పగలంతా లేఓవర్: అమ్మానాన్నలతో ఊళ్లోకి వెళ్లి రావచ్చా?

మీ ప్రశ్న ఇదీ: హైదరాబాద్ నుంచి మెల్‌బోర్న్ వెళ్తున్నారు. మీరు, మీ ఆవిడ, అమ్మగారు, నాన్నగారు, మొత్తం నలుగురు. టికెట్ ఒక్కటే. కౌలాలంపూర్‌లో ఉదయం 7 గంటలకు దిగుతారు, తరవాతి విమానం రాత్రి 9.30కి. పెద్దవాళ్లిద్దరూ అరవై దాటినవాళ్లు, అమ్మగారికి మోకాళ్ల నొప్పులు, శాకాహారం. ఈలోపు ట్విన్ టవర్స్, బటు కేవ్స్, జెంటింగ్ హైలాండ్స్, కేఎల్ (అంటే కౌలాలంపూర్) టవర్, పుత్రజయ, కాస్త షాపింగ్ కుదురుతాయా అని అడిగారు.

ఈ ఊళ్లోనే ఉంటూ, ఆస్ట్రేలియా వెళ్లే దారిలో ఇక్కడ ఆగే చుట్టాలను, స్నేహితులను చాలామందిని తిప్పినవాడిని కాబట్టి సూటిగా చెప్తాను. ఊళ్లోకి తప్పకుండా వెళ్లండి. జాబితాలోంచి జెంటింగ్, కేఎల్ టవర్, షాపింగ్ మాత్రం ఇప్పుడే కొట్టేయండి, పుత్రజయ సంగతి చివర్లో చెప్తాను. జెంటింగ్ ఊరికి ఉత్తరాన యాభై, అరవై కిలోమీటర్ల దూరంలో కొండమీద ఉంది. విమానాశ్రయం దక్షిణాన సెపాంగ్‌లో, ఊరికి దాదాపు అంతే దూరంలో. అంటే ఈ చివరి నుంచి ఆ చివరికి వెళ్లి, కేబుల్ కార్ క్యూలో నిలబడి, కొండ దిగి మళ్లీ ఈ చివరికి రావాలి. కాగితం మీద కుదురుతుంది. ఆ రోజంతా మీరు వాచీ చూసుకుంటూనే గడుపుతారు.

మీకు గంటలకు కొదవలేదు. తక్కువగా ఉన్నది నిద్ర. హైదరాబాద్ నుంచి ఇక్కడికి నాలుగు గంటల పైచిలుకు ప్రయాణం, అదీ అర్ధరాత్రి దాటాక. ఇక్కడి టైమ్ మనకన్నా రెండున్నర గంటలు ముందు. ఉదయం 7కి దిగారంటే మీ ఒంటికి అది తెల్లవారుజాము నాలుగున్నర. ఇంటి దగ్గర సర్దుకోవడం, శంషాబాద్‌కి రావడం, ఇమిగ్రేషన్, ఇవన్నీ అయ్యాక విమానంలో పెద్దవాళ్లు కునుకు తీసేది మహా అయితే రెండు గంటలు. పొద్దున ఉత్సాహంగానే ఉంటారు. మధ్యాహ్నం భోజనం అవగానే వాలిపోతారు. ఆపైన ఆ రాత్రి మెల్‌బోర్న్‌కి ఇంకో ఎనిమిది గంటల విమానం ఉంది. కాబట్టి ప్లాన్ అంతా ఆ మధ్యాహ్నపు విశ్రాంతి చుట్టూ వేసుకోవాలి. ఇదొక్కటి గుర్తుంటే మిగతాది తేలికే.

బయలుదేరే ముందు చేయాల్సిన పనులు. భారతీయులకు వీసా లేకుండా 30 రోజుల వరకు ఉండే సౌకర్యం 2023 డిసెంబర్ నుంచి నడుస్తోంది, 2026 డిసెంబర్ 31 వరకు పొడిగించారు. మీ ప్రయాణం ఆ తేదీ దాటాక అయితే టికెట్ కొనేముందే ఒకసారి చూసుకోండి. వీసా అక్కర్లేదన్నా ఎండీఏసీ అనే డిజిటల్ అరైవల్ కార్డు నింపాల్సిందే. మలేసియాలో అడుగుపెట్టడానికి ముందు మూడు రోజుల్లోపు ఆన్‌లైన్‌లో, నలుగురికీ నాలుగు విడివిడిగా. దానికి ఫీజు లేదు. గూగుల్‌లో వెతికితే పైన వచ్చే కొన్ని సైట్లు డబ్బు అడుగుతాయి, అవి మధ్యవర్తులవి. మలేసియా ఇమిగ్రేషన్ శాఖ సొంత సైట్‌లోనే నింపండి. ఇది చేయకుండా వచ్చినవాళ్లు క్యూ పక్కన నిలబడి, అమ్మ పాస్‌పోర్ట్ నంబర్ ఫోన్‌లో కొట్టుకుంటూ కనబడతారు. అరగంట అక్కడే పోతుంది.

రెండోది గ్రాబ్ యాప్. మన ఓలా, ఊబర్ లాంటిదే, ఇక్కడ అందరూ వాడేది ఇదే. దాన్ని హైదరాబాద్‌లో ఉండగానే డౌన్‌లోడ్ చేసి, నంబర్ వెరిఫై చేసి, కార్డు కూడా జోడించేయండి. ఇక్కడికొచ్చాక మన సిమ్‌కి ఓటీపీ రాకపోతే ఇబ్బంది పడతారు. బ్యాంకు యాప్‌లో ఆ కార్డుకి విదేశీ లావాదేవీలు ఆన్ చేసి ఉన్నాయో లేదో చూడండి. చాలామంది మర్చిపోయేది ఇదే. ఎయిర్‌పోర్ట్‌లో వైఫై ఉచితం, కానీ ఊళ్లో గ్రాబ్ పిలవాలంటే మీ ఫోన్‌లో డేటా ఉండాలి. ఒకరికి రోమింగ్ ప్యాక్ ఉంటే నలుగురికీ సరిపోతుంది. నోట్లు వంద, నూట యాభై రింగిట్ మార్చుకుంటే చాలు. ఒక రింగిట్ ఇరవై రూపాయల పైమాటే అని లెక్క వేసుకోండి. ఎల్ఆర్టీ (ఊళ్లో తిరిగే మెట్రో లాంటి రైలు) టికెట్ మెషీన్లకు, గుడి దగ్గర, చిన్న కొట్లలో ఆ నోట్లు అవసరమవుతాయి, పెద్ద నోట్లు తీసుకోవద్దు.

శంషాబాద్‌లో చెక్-ఇన్ దగ్గర రెండు విమానాల బోర్డింగ్ పాస్‌లూ అడిగి తీసుకోండి. పెట్టెలకు కట్టే ట్యాగ్ మీద మెల్‌బోర్న్ కోడ్ ఉందో లేదో మీ కళ్లతో చూడండి. ఒకే టికెట్ కాబట్టి సామాను నేరుగా వెళ్లిపోతుంది. ఇది చదివే వేరేవాళ్ల కోసం చెప్తున్నాను: చవగ్గా వస్తోందని రెండు వేర్వేరు టికెట్లు కొని ఉంటే సంగతి వేరు. పెట్టెలు ఇక్కడ బయటికి తీసుకోవాలి, మళ్లీ కౌంటర్లో వేయాలి, ఆ కౌంటర్ గంట ముందే మూసేస్తారు. అలాంటప్పుడు ఊళ్లో గడిపే టైమ్‌లోంచి ఇంకో గంటన్నర తీసేసుకోండి.

నాన్నగారికో అమ్మగారికో వీల్‌చెయిర్ అడిగి ఉంటే, దిగగానే సిబ్బందికి మీరు బయటికి వెళ్తున్నారని చెప్పండి. చెప్పకపోతే వాళ్లు ట్రాన్సిట్ వైపు తీసుకెళ్లిపోతారు. రాత్రి విమానానికి వీల్‌చెయిర్ కావాలని తిరిగొచ్చాక కౌంటర్లో మళ్లీ అడగాలి.

ఇక ఆ రోజు సంగతి. 7కి దిగితే, నడక, రైలు, ఇమిగ్రేషన్ క్యూ అన్నీ అయి బయటపడేసరికి 8.30 అనుకోండి. తొందరగా అయితే సంతోషం. చేతిసంచులు ఎయిర్‌పోర్ట్‌లోనే లగేజీ భద్రపరిచే కౌంటర్లో పెట్టేయండి. డబ్బు కట్టాలి, అయినా పెట్టేయండి. పాస్‌పోర్టులు, బోర్డింగ్ పాస్‌లు, మందులు, ఒక గొడుగు, అమ్మగారికి ఒక పల్చటి శాలువా మాత్రం వెంట ఉంచుకోండి. ఇక్కడ బయట ఉక్కపోత, లోపల ఏసీ చలి. చలికే పెద్దవాళ్లు ఎక్కువ ఇబ్బంది పడతారు.

ఎయిర్‌పోర్ట్ నుంచి ఊళ్లోకి ఎలా వెళ్లాలన్న ప్రశ్నకు అందరూ కేఎల్ఐఏ (ఈ ఎయిర్‌పోర్ట్ పేరు) ఎక్స్‌ప్రెస్ రైలు అనే చెప్తారు. మంచి రైలు. 57 కిలోమీటర్లు, టెర్మినల్ 1 నుంచి ఊళ్లోని ప్రధాన స్టేషన్ కేఎల్ సెంట్రల్‌కి 28 నిమిషాలు, టెర్మినల్ 2 నుంచి 33. టికెట్ తలకు 55 రింగిట్. ఒక్కరో ఇద్దరో అయితే కళ్లు మూసుకుని ఎక్కేయొచ్చు. నలుగురికి 220 రింగిట్ అవుతుంది. గ్రాబ్ కారైతే అందులో సగానికి అటూ ఇటూగా టోల్‌తో సహా నేరుగా బటు కేవ్స్ గుడి ముందే దింపుతుంది. అందుకని పొద్దున వెళ్లేటప్పుడు కారు, సాయంత్రం తిరిగొచ్చేటప్పుడు రైలు. వెళ్లేటప్పుడు ట్రాఫిక్‌లో చిక్కుకుంటే ఒక చోటు చూడటం తగ్గుతుంది, అంతే. సాయంత్రం ఐదు దాటాక ఈ ఊరి రోడ్ల మీద చిక్కుకుంటే విమానమే పోతుంది. డబ్బు మిగులుతుందని సాయంత్రం కారు ఎక్కొద్దు. బుక్ చేసేటప్పుడు ఆరు సీట్ల బండి పెట్టండి, మామూలు గ్రాబ్‌లో ఎక్కువగా వచ్చేది చిన్న కారే, నలుగురు పెద్దవాళ్లు ఇరుక్కుని గంటసేపు కూర్చోవాలి. అరైవల్స్‌లో 'టాక్సీ, టాక్సీ' అంటూ దగ్గరికొచ్చే వాళ్లకు చేయి ఊపి ముందుకు నడవండి.

బటు కేవ్స్‌కి పదింటి లోపు చేరాలి. పదకొండు దాటితే మెట్ల మీద నీడ ఉండదు, టూరిస్టు బస్సులన్నీ వచ్చేస్తాయి. సున్నపురాయి కొండ, దాని ముందు 42.7 మీటర్ల ఎత్తున బంగారు రంగులో సుబ్రహ్మణ్యేశ్వర స్వామి. ఆ విగ్రహం 2006లో నిలబెట్టారు. గుహలో గుడి మాత్రం పాతది. పంతొమ్మిదో శతాబ్దం చివర్లో తంబుసామి పిళ్లై అనే తమిళ పెద్దమనిషి కట్టించారు, ఊళ్లోని మహామారియమ్మన్ గుడికీ ఆయనే మూలం. పక్కనున్న 272 మెట్లకు రంగులు 2018 కుంభాభిషేకం సమయంలో వేశారు. ఇప్పుడు ఫోటోల్లో విగ్రహం కన్నా మెట్లే ఎక్కువ కనబడుతున్నాయి.

ఆ మెట్ల గురించి అమ్మగారికి ముందే చెప్పి తీసుకురండి. తిరుమల మెట్లలా వెడల్పుగా, నింపాదిగా ఉండవు. నిటారుగా, పాదం పూర్తిగా పట్టని ఇరుకు మెట్లు. ఎక్కడం ఆయాసం వరకే, మోకాళ్లకు అసలు పరీక్ష దిగేటప్పుడు. పైకి లిఫ్టు లేదు. మొక్కు ఉంటే తప్ప అమ్మగారిని ఎక్కించొద్దనే నా సలహా. కింద కూడా గుళ్లు ఉన్నాయి, దర్శనం అక్కడ చేసుకోవచ్చు. ఎడమ పక్కన రైల్వే స్టేషన్ వైపు రామాయణ గుహ ఉంది. టికెట్ ఉంది గానీ చాలామటుకు నేలమీదే నడుస్తూ చూడొచ్చు. బయట పదిహేను మీటర్ల ఆంజనేయస్వామి, లోపల రామాయణం బొమ్మలు, గుర్రుపెట్టి పడుకున్న భారీ కుంభకర్ణుడు. కళాఖండాలేమీ కావు, తిరునాళ్లలో బొమ్మల్లా గాఢమైన రంగులు. మన పెద్దవాళ్లకు మాత్రం ఇదే బాగా నచ్చుతుంది, ఒక్కో ఘట్టం చూసి కథ చెప్పుకుంటూ నడుస్తారు. మీరూ మీ ఆవిడా మెట్లెక్కి వచ్చేలోపు వాళ్లిద్దరూ ఇది చూసి, టిఫిన్ సెంటర్లో కాఫీ తాగుతూ కూర్చోవచ్చు.

పైన ప్రధాన గుహకు టికెట్ లేదు. లోపలికి అడుగుపెట్టగానే ఉక్క తగ్గుతుంది, తల ఎత్తి చూస్తే కప్పు ఎక్కడో ఉంటుంది, చివర్లో పైకప్పు తెరుచుకుని ఆకాశం కనబడుతుంది. ఆ చోట పది నిమిషాలు ఊరికే నిలబడండి, ఫోటోల తొందర వద్దు. మోకాళ్లు కప్పే బట్టలే వేసుకోవాలి, లేకపోతే కింద లుంగీ లాంటి గుడ్డ అద్దెకిచ్చి కట్టిస్తారు. కోతులున్నాయి. చేతిలో ప్లాస్టిక్ కవర్ కనబడితే తినేదే అనుకుంటాయి. అరటిపళ్లు, కొబ్బరికాయ, మంచినీళ్ల సీసా సంచిలో పెట్టుకోండి, కళ్లజోడు జాగ్రత్త.

మీ తేదీ జనవరి చివర్లోనో ఫిబ్రవరిలోనో పడి, అది తైపూసం (తమిళుల సుబ్రహ్మణ్య స్వామి పండగ) రోజు గానీ దానికి అటూ ఇటూ రోజు గానీ అయితే బటు కేవ్స్ వద్దు. లక్షల్లో జనం వస్తారు, కావడులు వస్తాయి, రోడ్లు మూసేస్తారు. చూడాల్సిన పండగే, కానీ రాత్రికి విమానం పెట్టుకుని కాదు.

పదకొండున్నరకల్లా అక్కడి నుంచి కదలండి. కేటీఎం కమ్యూటర్ రైలు స్టేషన్ గుడి పక్కనే ఉంది, టికెట్ చాలా చవక, నేరుగా కేఎల్ సెంట్రల్‌కి వస్తుంది. కానీ రైళ్ల మధ్య అరగంట నుంచి గంట వరకు ఎడం ఉంటుంది. స్టేషన్‌లోకి వెళ్లి బోర్డు చూడండి, పది నిమిషాల్లో రైలుంటే ఎక్కండి, లేదంటే మళ్లీ గ్రాబ్. బ్రిక్‌ఫీల్డ్స్ అని పెడితే అరగంటలో దింపుతాడు.

బ్రిక్‌ఫీల్డ్స్ అంటే ఇక్కడి లిటిల్ ఇండియా, కేఎల్ సెంట్రల్ స్టేషన్‌ని ఆనుకునే ఉంటుంది. భోజనానికి, విశ్రాంతికి, సాయంత్రం రైలుకు అన్నింటికీ ఇదే కేంద్రం చేసుకోమంటాను. మొదట్లోనే సాంచి స్తూపం తోరణం నమూనాలో ఒక ద్వారం కనబడుతుంది, భారత ప్రభుత్వం కానుకగా కట్టించి 2015లో ప్రారంభించారు. ఇక్కడ అరిటాకు భోజనం తినండి. అన్నం, పప్పో సాంబారో, రసం, రెండు మూడు కూరలు, అప్పడం. ఆకు వేశాక వెజ్ అని ముందే గట్టిగా చెప్పండి, లేకపోతే అన్నం మీద చేపల పులుసు పోసేస్తారు, అది ఇక్కడ మర్యాద. వడ్డించేవాళ్లు తమిళులు, అర్థం చేసుకుంటారు. రుచి మన ఆంధ్రా భోజనమంత కారంగా ఉండదు. ప్రయాణంలో కడుపుకు అదే మంచిది.

చుట్టుపక్కల అందరూ తమిళమే మాట్లాడతారు కానీ మలేసియాలో తెలుగువాళ్లు తక్కువేమీ కాదు. బ్రిటిష్ కాలంలో విశాఖ, శ్రీకాకుళం వైపు నుంచి రబ్బరు, కొబ్బరి తోటల పనికి వచ్చిన వాళ్ల సంతానం. ఎవరి పేరైనా అప్పలనాయుడు అనో సింహాచలం అనో వినబడితే నాన్నగారిని తెలుగులో పలకరించమనండి. నాలుగో తరం వాళ్ల తెలుగు యాస ఆయనకు భలే సరదాగా ఉంటుంది, ఆ కబుర్లలో మీ ప్లాన్ అరగంట వెనకబడినా నష్టం లేదు.

శాకాహారం గురించి ఇంకొంచెం. నాసి లెమాక్ అని కొబ్బరిపాలతో వండిన అన్నం ప్రతి మూలా దొరుకుతుంది. చూడటానికి అన్నం, పల్లీలు, దోసకాయ ముక్కలు. కానీ అందులో ఎండు చేపలుంటాయి, పక్కన ఇచ్చే సంబల్ అనే ఎర్రటి కారప్పచ్చడిలో రొయ్యల ముద్ద కలుస్తుంది. అమ్మగారికి వద్దు. రోటీ చనాయ్ మన పరోటాకి తమ్ముడు, తినొచ్చు గానీ పక్కన ఇచ్చే పులుసు పప్పుదేనా అని అడిగి పోయించుకోండి. చైనీస్ హోటళ్లలో శాకాహారం అని రాసి ఉన్నా, సోయాతో అచ్చం మాంసంలా చేసి పెడతారు. తప్పు లేదు కానీ మన అమ్మలు అది చూసి భయపడి పస్తుంటారు. తే తారిక్ మాత్రం తాగాల్సిందే, నురగ వచ్చేలా ఎత్తునుంచి తిరగబోసిన పాల టీ. చక్కెర తక్కువ వేయమని ముందే చెప్పాలి.

ఒంటిగంటకి భోజనం అయ్యాక కేఎల్ సెంట్రల్ దగ్గరే కొన్ని గంటలకు గది తీసుకోండి. డే యూజ్ పేరుతో ఇచ్చే హోటళ్లు ఆ చుట్టుపక్కల ఉన్నాయి, బుకింగ్ యాప్‌లలో ముందే చూసుకోవచ్చు. రెండు గదులకు పెట్టే డబ్బు గురించి మీ నాన్నగారు తప్పకుండా గొణుగుతారు. స్నానం చేసి, రెండు గంటలు నడుం వాల్చి లేచాక ఆ మాట మళ్లీ ఎత్తరు. ఈ ఊళ్లో మధ్యాహ్నం ఒంటిగంట నుంచి మూడున్నర దాకా బయట తిరగడం కుర్రాళ్లకే కష్టం. ముప్పై రెండు, ముప్పై మూడు డిగ్రీలే కదా అనిపిస్తుంది, మన మే నెల ఎండతో పోలిస్తే లెక్కే కాదనిపిస్తుంది, కానీ గాలిలో తేమకు చొక్కా ఒంటికి అంటుకుపోతుంది. దానికి తోడు మూడు నాలుగింటికి ఉరుములతో పెద్ద వాన. ఏప్రిల్, మే, అక్టోబర్, నవంబర్‌లలో ఇది దాదాపు రోజూ ఉండేదే. గదిలో ఉండగా కురిసిపోతే సాయంత్రం చల్లగా తిరగొచ్చు.

మీకూ మీ ఆవిడకూ నిద్ర రాకపోతే ఈ రెండు గంటలూ మీవి. కేఎల్ సెంట్రల్ నుంచి ఎల్ఆర్టీ కెలానా జయ లైన్‌లో ఒక్క స్టాప్, పసార్ సేని. అక్కడ సెంట్రల్ మార్కెట్ ఉంది. 1888లో కూరగాయలు, మాంసం అమ్మే సంతగా మొదలైంది, ఇప్పుడు చేతిపనుల దుకాణాలు. నాలుగడుగులు వేస్తే పెటాలింగ్ స్ట్రీట్, అది నకిలీ బ్రాండ్ల బజారు, బేరం ఆడే ఓపిక ఉంటే సరదా. తల ఎత్తితే మెర్డెకా 118 కనబడుతుంది, 678.9 మీటర్లు, బుర్జ్ ఖలీఫా తరవాత ప్రపంచంలో ఎత్తైన కట్టడం. ఇంకో స్టాప్ వెళ్తే మస్జిద్ జమెక్. గొంబాక్, క్లాంగ్ నదులు కలిసేచోట 1909లో కట్టిన మసీదు, ఊరు పుట్టింది ఈ సంగమం దగ్గరే. అక్కడి నుంచి నడక దూరంలో మెర్డెకా స్క్వేర్. 1957 ఆగస్టు 30 అర్ధరాత్రి బ్రిటిష్ జెండా దించి మలయా జెండా ఎగరేసింది ఈ మైదానంలోనే. ఎదురుగా గడియార స్తంభంతో 1897 నాటి సుల్తాన్ అబ్దుల్ సమద్ భవనం. కేఎల్‌లో నాకు నచ్చిన చోటు ఏదంటే ట్విన్ టవర్స్ కన్నా ఇదే చెప్తాను. అయినా మీ వాళ్లు ఊరెళ్లి ఫోటో చూపించాలంటే టవర్సే కావాలి, అది వేరే సంగతి.

మూడున్నరకి గది ఖాళీ చేసి అందరూ ఎల్ఆర్టీలో ట్విన్ టవర్స్ దగ్గరి కేఎల్‌సీసీ స్టేషన్‌కి. ఐదు స్టాపులు, పావుగంట. మెషీన్‌లో డబ్బు వేస్తే నీలంరంగు ప్లాస్టిక్ బిళ్ల వస్తుంది, లోపలికి వెళ్లేటప్పుడు గేటుకు ఆనించాలి, బయటికొచ్చేటప్పుడు గేటులో వేసేయాలి. నాలుగు బిళ్లలూ మీ దగ్గరే పెట్టుకోవద్దు, ఎవరిది వాళ్లకివ్వండి.

టవర్స్ ఎత్తు 451.9 మీటర్లు, 88 అంతస్తులు, 1998 నుంచి 2004 దాకా ప్రపంచంలో ఎత్తైన భవనాలు ఇవే. ఒక టవర్‌ని జపాన్ కంపెనీల బృందం, ఇంకోదాన్ని కొరియా కంపెనీల బృందం పోటీపడి కట్టాయి. ఇంజినీరింగ్ మీద ఆసక్తి ఉన్నవాళ్లకు మధ్యలోని స్కైబ్రిడ్జ్ విశేషం. 41, 42 అంతస్తుల దగ్గర, నేలకు 170 మీటర్ల ఎత్తున ఉంటుంది. దాన్ని టవర్లకు గట్టిగా బిగించలేదు. గాలికి రెండు టవర్లూ వేర్వేరుగా ఊగుతాయి కాబట్టి, వంతెన చివర్లు జారుతూ సర్దుకునేలా పెట్టారు. ఒక టవర్‌లో ప్రమాదం జరిగితే రెండోదానిలోకి తప్పుకునే దారి కూడా అదే.

పైకి వెళ్లాలా? మీ విషయంలో వద్దంటాను. టికెట్‌కి టైమ్ స్లాట్ ఉంటుంది, ఆన్‌లైన్‌లో ముందే కొనాలి, సోమవారం మూసి ఉంటుంది, విదేశీయులకు ధర ఎక్కువ. విమానం రెండు గంటలు ఆలస్యమైతే ఆ డబ్బు పోయినట్టే. పైగా పైనుంచి చూస్తే ఊరు కనబడుతుంది కానీ టవర్స్ కనబడవు. కింద కేఎల్‌సీసీ పార్క్‌లో చెరువు గట్టున బెంచీ మీద కూర్చోండి, పెద్దవాళ్లకు హాయిగా ఉంటుంది. ఫోటోలకు అటుపక్క, జలన్ అంపాంగ్ వైపు ఉన్న ముఖద్వారం బాగుంటుంది, రెండు టవర్లూ మొత్తంగా ఫ్రేములో పడాలంటే బాగా వెనక్కి నడవాలి. ఫోన్‌కి తగిలించే లెన్సులు అమ్మేవాళ్లు చుట్టుముడతారు, అక్కర్లేదు. వాన ఆగకపోతే టవర్స్ కిందే సూరియా మాల్ ఉంది, స్టేషన్ నుంచి తడవకుండా లోపలికే వెళ్లొచ్చు. దీపాల వెలుగులో టవర్స్ చూడాలని అందరికీ ఉంటుంది. ఇక్కడ పొద్దు గుంకేది ఏడుకీ ఏడున్నరకీ మధ్య, ఏడాది పొడవునా అంతే. మీ విమానం 9.30కి కాబట్టి ఆ ఆశ వదిలేసుకోండి.

ఐదింటికి అక్కడి నుంచి లేవాలి. ఐదున్నరకి ఆఫీసులు వదిలితే ఎల్ఆర్టీలో నిలబడటానికి కూడా చోటుండదు, అమ్మగారు ఇబ్బంది పడతారు. కేఎల్ సెంట్రల్‌లో దిగి, కాఫీ తాగి, ఆరింటి ప్రాంతంలో ఎక్స్‌ప్రెస్ ఎక్కితే ఆరున్నరకి ఎయిర్‌పోర్ట్. అదే పట్టాల మీద కేఎల్ఐఏ ట్రాన్సిట్ అని ఇంకో రైలు ఉంది, మధ్యలో మూడు చోట్ల ఆగుతుంది, పది నిమిషాలు ఎక్కువ. ముందు ఏది వస్తే అది అన్నట్టు కాకుండా ఏ రైలుకి టికెట్ కొన్నారో ఆ గేటుకే వెళ్లండి. టెర్మినల్ 1 ముందొస్తుంది, టెర్మినల్ 2 తరవాత. మీ బోర్డింగ్ పాస్ మీద ఏదుందో చూసుకుని దిగండి. పొరపాటున రెండోదానికి వెళ్లిపోతే కంగారు పడొద్దు, వాటి మధ్య రైలు మూడు నిమిషాలే.

మూడు గంటల ముందు ఎందుకని మీకు అనిపించవచ్చు, పెట్టెలు ముందే వెళ్లిపోయాయి కదా. చేతిసంచులు విడిపించుకోవాలి, వీల్‌చెయిర్ అడగాలి, ఇమిగ్రేషన్, సెక్యూరిటీ. ఆ సెక్యూరిటీ దగ్గరే మనవాళ్ల కష్టాలన్నీ. ట్రాన్సిట్‌లోంచి బయటికొచ్చి మళ్లీ లోపలికి వెళ్తున్నారు కాబట్టి వంద మిల్లీలీటర్ల నిబంధన కొత్తగా వర్తిస్తుంది. చేతిసంచిలో నెయ్యి, ఆవకాయ సీసా ఉంటే అక్కడే ఉండిపోతాయి, శంషాబాద్ డ్యూటీ ఫ్రీలో కొన్న సీసా కూడా. అలాంటివన్నీ పెద్ద పెట్టెలోనే పెట్టండి. బటు కేవ్స్ నుంచి పూలు, పళ్లు, పాలతో చేసిన ప్రసాదం మెల్‌బోర్న్ దాకా తీసుకెళ్లొద్దు, ఇక్కడే తినేయండి. ఆస్ట్రేలియా వాళ్ల కార్డులో తినేవస్తువులు ఏమున్నా ఉన్నాయనే టిక్ పెట్టమని అమ్మగారికి చెప్పండి. చూపించి వదిలేస్తే గొడవ లేదు, దాస్తే జరిమానా చాలా ఎక్కువ.

పుత్రజయ గురించి కూడా అడిగారు. మీ ప్లాన్‌లో దాన్ని కలపొద్దు, కానీ మీ మొదటి విమానం బాగా ఆలస్యమైతే అదే మీకు పనికొస్తుంది. పది లోపు దిగితే పైన చెప్పినదే, మెట్లెక్కడం మాత్రం మానేయండి. పది దాటి ఒంటిగంట లోపు దిగితే బటు కేవ్స్ వదిలేసి నేరుగా బ్రిక్‌ఫీల్డ్స్ భోజనం, ఆ తరవాత టవర్స్, గది అక్కర్లేదు. ఒంటిగంట కూడా దాటితే ఊళ్లోకి రానేవద్దు. ట్రాన్సిట్ రైలెక్కి ఇరవై నిమిషాల్లో పుత్రజయలో దిగి, గ్రాబ్‌లో గులాబీరంగు పుత్ర మసీదు దగ్గరికి వెళ్లండి. ప్రభుత్వ కార్యాలయాలు 1999 నుంచి ఈ ఊరికి తరలాయి, మసీదూ ఆ ఏడాదిదే. పెద్ద చెరువు, వెడల్పాటి రోడ్లు, జనం తక్కువ. మసీదులోకి వెళ్లేవాళ్లకు పైన వేసుకోవడానికి అంగీలు వాళ్లే ఇస్తారు. చెరువు గట్టున గంట కూర్చుని ఎయిర్‌పోర్ట్‌కి తిరిగొచ్చేయొచ్చు. ఆరేడు గంటలే లేఓవర్ ఉన్నవాళ్లకు కూడా నేను చెప్పేది ఇదే.